సూప్ చల్లారేదాకా

వాదనలో నేను ఎవరికీ ఓడిపోలేదు. గొప్పకి చెప్పడం లేదు. మా హ్లిన్స్కో రైల్వే స్టేషన్‌లో ఎవర్నడిగినా చెబుతారు, అప్పటివాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే. పాత కమ్యూనిస్టు ప్రభుత్వం రోజుల్లో నన్ను ఆఫీసుకి పిలిపించి, బల్లకి అవతల ముగ్గురు కూర్చుని, దేవుడు లేడని సైన్సు తేల్చేశాక కూడా ఆదివారం ఆ మందిరానికి ఎందుకు పోతున్నావని అడిగేవాళ్ళు. నేను ముందే చదువుకుని వెళ్ళి గంటన్నర వాదించేవాణ్ణి. దాంతో సిగ్నల్ క్యాబిన్‌లోంచి దించి పట్టాల మధ్య మంచు ఊడ్చే పనికి పంపారు. పదకొండేళ్ళు ఊడ్చాను. అయినా ఆ ముగ్గురంటే నాకు ఇప్పటికీ కొంచెం గౌరవమే. వాళ్ళు కనీసం అడిగారు.

ఇప్పుడు ఎవరూ అడగరు. అదే నాకు మింగుడుపడదు. పక్కింటావిడకి క్రిస్మస్ ఆరాధనకి రమ్మని కాగితం ఇస్తే, "ఎంత బాగుంది వెండెలీన్ గారూ, మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలి. మా ఆయనకి పుట్టగొడుగుల పిచ్చి" అంటుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎంతో మర్యాదగా జేబులో వేసుకుంటుంది. తిట్టినా బాగుండును. జవాబులన్నీ నాలిక మీద పెట్టుకుని అక్కడే నిలబడతాను. మా సంఘంలో పద్నాలుగు మందిమి మిగిలాం. అందులో ఇద్దరికి చెవుడు.

నా కూతురు బ్లాంకా కూడా అంతే. పదిహేనో ఏట మందిరానికి రావడం మానేసింది. దెబ్బలాడలేదు, తలుపు విసిరికొట్టలేదు. "నాకు కుదరదు నాన్నా" అంది, అంతే. నేను బడిని తిట్టాను. తర్వాత బ్రనో నగరానికి వెళ్ళి చదువుకుంది కాబట్టి బ్రనోని తిట్టాను. ఆ తర్వాత రాడిమ్‌ని పెళ్ళి చేసుకుంది కాబట్టి లోలోపల రాడిమ్‌ని తిట్టుకున్నాను. నిజానికి రాడిమ్ మంచివాడు. లిఫ్టులు బాగుచేస్తాడు. ఒకసారి దేవుడి మాట ఎత్తితే, "నాకు తెలిసి పైన ఎవరూ లేరు మామయ్యా, వారానికి ఆరు రోజులు పైదాకా వెళ్ళి చూసొస్తుంటాను" అన్నాడు. నవ్వకూడదనుకున్నాను గానీ నవ్వొచ్చింది.

మనవరాలు రోజాల్కా పుట్టినప్పుడు బ్లాంకా నా దగ్గర మాట తీసుకుంది. పదిహేనేళ్ళు వచ్చేదాకా పిల్ల దగ్గర దేవుడి ఊసెత్తకూడదు. తర్వాత దానిష్టం. నేను మాట తప్పితే, గురువారం గురువారం పిల్ల నా దగ్గరికి రావడం ఆగిపోతుంది. అప్పటికి నా భార్య ల్యూబా పోయి ఏడాది. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. సరేనన్నాను. నోరు కట్టేసుకుని ఎనిమిదేళ్ళు గడిపాను.

భోజనానికి ముందు ప్రార్థన మాత్రం మానలేకపోయాను. పైకి అనకుండా, కళ్ళు మూసుకుని లోపలే చెప్పుకునేవాణ్ణి. రోజాల్కా మూడేళ్ళప్పుడు పట్టేసింది.

"తాతా, కళ్ళెందుకు మూసుకున్నావు?"

బ్లాంకా అక్కడే ఉంది. నా వంక చూసింది.

"సూప్ వేడిగా ఉందమ్మడూ. చల్లారనిస్తున్నా."

"కళ్ళు మూసుకుంటే చల్లారుతుందా?"

"ఆవిరి కళ్ళలోకి పోకుండా."

బ్లాంకా మూతి బిగపట్టి నవ్వింది. అప్పట్నుంచి నేను కళ్ళు మూసుకుంటే చాలు, "తాత సూప్ చల్లారుస్తున్నాడు" అని రోజాల్కా అందర్నీ ఊరుకోమనేది. నాకు అదీ ముచ్చటగానే ఉండేది.

పోయిన డిసెంబరులో, పండగ ఇంకో వారం ఉందనగా బ్లాంకా ఫోన్ చేసింది.

"నాన్నా, ఒక సాయం కావాలి. కోప్పడకు."

"ముందు విషయం చెప్పు. కోపం సంగతి నేను చూసుకుంటాను."

"బడిలో ఎవడో రోజాల్కాతో బాల యేసు లేడని చెప్పాడట. కానుకలు పెట్టేది అమ్మానాన్నలేనట. రెండు రోజుల్నుంచి మొహం మాడ్చుకుని తిరుగుతోంది. మేం ఉన్నాడంటే నమ్మడం లేదు. తాతని అడుగుతానంటోంది."

"నన్నెందుకు?"

"తాత అబద్ధం చెప్పడట."

ఫోన్‌ని రెండో చెవికి మార్చుకున్నాను.

"ఉన్నాడని చెప్పు నాన్నా. నువ్వు చెబితే నమ్ముతుంది. ఇంకేం చెప్పక్కర్లేదు."

మా దేశంలో పండగ కానుకలు తెచ్చేది బాల యేసే. ఇరవై నాలుగో తేదీనే మాకు పండగ, ఆ సాయంత్రం భోజనాలవుతుండగా ఎవరికీ కనపడకుండా పక్కగదిలోకి కిటికీలోంచి వచ్చి, క్రిస్మస్ చెట్టు కింద కానుకలు పెట్టి, గంట మోగించి మాయమైపోతాడు. గంట వినపడగానే పిల్లలు ఆ గదిలోకి పరుగెత్తాలి. మందిరం గడప ఎన్నడూ తొక్కనివాళ్ళ ఇళ్ళలో కూడా అంతే. అడిగితే దేవుడు లేడంటారు, పిల్లలచేత మాత్రం బాల యేసుకి ఉత్తరాలు రాయిస్తారు. ఇదేం వింతో నాకు ఇన్నేళ్ళలో అర్థం కాలేదు. అందరిలాగే నేనూ ఆలోచించడం మానేశాను.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో కుర్చీలో కూలబడ్డాను. ఈ పిల్లతో ఒక్కసారి ఆయన పేరెత్తే అవకాశం ఇమ్మని ఎనిమిదేళ్ళు ప్రార్థించాను. ఇప్పుడు నా కూతురే నోరారా అడుగుతోంది, యేసు ఉన్నాడని నా బిడ్డకి చెప్పు నాన్నా అని. మోకాళ్ళ మీద పడి స్తోత్రం చెప్పాలి కదా. కానీ ఏ యేసు? వాళ్ళ నాలుగో అంతస్తు కిటికీలోంచి కానుకగా చక్రాల బూట్లు పట్టుకుని దూరేవాడా? ఉన్నాడంటే అబద్ధం. లేడంటే ఇంకా పెద్ద అబద్ధం.

పాస్టరమ్మని అడుగుదామనుకున్నాను. ఆవిడకి ముగ్గురు పిల్లలు, ముగ్గురూ బాల యేసుకి ఉత్తరాలు రాసేవాళ్ళే. అడగలేదు.

ఇరవై మూడో తేదీన చౌరస్తాలో పండగ భోజనానికి కార్ప్ చేపలు అమ్మే తొట్ల దగ్గర వరుసలో నిలబడితే, వెనక ఒటాకర్ తగిలాడు. రైలు నడిపి రిటైరయ్యాడు, నా పేకాట జోడీ. దేవుడన్నా దెయ్యమన్నా వాడికి ఒకటే. విషయం చెప్పాను.

"ఇందులో తల బద్దలు కొట్టుకోవడానికి ఏముందిరా?" అన్నాడు. "ఉన్నాడని నువ్వు నలభై ఏళ్ళుగా నా బుర్ర తింటున్నావు. అదే మాట పిల్లకి చెప్పు."

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు? పేరు అదే కదా. పశువుల తొట్టిలో పుట్టింది వాడే కదా."

"ఆయన కిటికీలోంచి రాడురా."

"నీళ్ళ మీద నడిచాడంటావు, కిటికీలోంచి రాలేడా?" వెనకవాళ్ళు నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు. వేలు ఎత్తి నా గుండెల మీద పొడిచాడు. "చూడు వెండెలీన్. నువ్వు నీ ఆదివారాలు ఏం చేసుకుంటావో నాకనవసరం. పసిపిల్లల దగ్గర్నుంచి బాల యేసుని లాక్కుంటే మాత్రం మళ్ళీ నీతో పేక ముట్టను."

దేవుణ్ణి నమ్మనివాడు యేసు తరఫున నన్ను బెదిరిస్తున్నాడు. నేనేమో అది యేసే కాదంటున్నాను. ఎటు తిరిగి నిలబడాలో తెలియక, వంతు వచ్చాక చేప ఎంత బరువుదో కూడా చూడకుండా తీసుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం బ్లాంకా వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. రాడిమ్ రోజాల్కాని కిందికి తీసుకెళ్ళి మెట్ల మీద మంచు గీకిస్తున్నాడు. బ్లాంకా బంగాళాదుంపల సలాడ్‌కి ముక్కలు కోస్తోంది. నేను దోసకాయ ఊరగాయ సీసా మూత తిప్పుతూ, దారంతా వల్లెవేసుకుంటూ వచ్చింది చెప్పేశాను.

"ఆ మాట నేను చెప్పలేను బ్లాంకా. కానుకలు తెచ్చేది ఆయన కాదు. ఆయన పేరు పెట్టి అబద్ధమాడడం నావల్ల కాదు. నా నోటికి వేసిన తాళం తియ్యి. ఉన్నది ఉన్నట్టు చెబుతా."

కత్తి ఆగింది.

"నీవల్ల కాదా? నా చిన్నప్పుడు అయింది కదా నాన్నా."

"అది మీ అమ్మ సరదాకి..."

"అమ్మ గంట మోగించేది. కిటికీలోంచి వచ్చాడని చెప్పింది నువ్వు. ఒక ఏడాది కిటికీ గట్టు మీద బంగారు వెంట్రుక కూడా చూపించావు. నేను దాన్ని అగ్గిపెట్టెలో దాచుకున్నా."

నాకు గుర్తుంది. స్టేషన్లో పార్శిల్ కట్టే తాడులోంచి పీకాను.

"తొమ్మిదేళ్ళప్పుడు చలేసి నీ రైల్వే కోటు కప్పుకున్నా. జేబులో అమ్మ దాచిన గంట తగిలింది. సరే, మా క్లాసులో అందరికీ ఏదో ఒక రోజు తెలిసిందే. వాళ్ళకి అక్కడితో అయిపోయింది. వాళ్ళ ఇళ్ళలో యేసు అంటే అంతే కాబట్టి." ముక్కల్ని గిన్నెలోకి తోసింది. "ఆ ఆదివారం పాస్టరుగారికి జ్వరమొచ్చింది. నువ్వే నిలబడి చదివావు. బేత్లెహేములో పుట్టాడు, పశువుల తొట్టిలో పడుకోబెట్టారు అని. కిటికీలోంచి వస్తాడని చెప్పినప్పుడు నీ గొంతు ఎలా ఉందో, అప్పుడూ అలాగే ఉంది నాన్నా. ఎక్కడైనా తేడా ఉందేమోనని చాలా జాగ్రత్తగా విన్నా. లేదు."

సీసా మూత నా చేతిలోనే ఉంది. బడి కాదు. బ్రనో కాదు. రాడిమ్ కాదు. పాతికేళ్ళు వీళ్ళందర్నీ పేరుపేరునా తిట్టుకున్నాను.

"నన్ను అడగలేదేం?" అన్నాను.

"అడిగితే వాదిస్తావు. నువ్వే గెలుస్తావు. అప్పుడు నేనేం చెయ్యాలి?"

సీసా మూత బల్ల మీద పెట్టాను. తర్వాత అడిగాను, "మరి ఇంత జరిగాక అదే అబద్ధం నీ కూతురికెందుకే?"

బ్లాంకా చేతులు తుడుచుకుని సొరుగు తీసింది. వేలెడంత ఇత్తడి గంట. ల్యూబా పోయినప్పుడు అమ్మ వస్తువుల్లో ఇదొక్కటే కావాలని అడిగి తీసుకుంది. ఎందుకో నేను అప్పుడు అడగలేదు.

"ఈ గంట మోగేది చూడు, ఆ నిమిషం. నా చిన్నతనం మొత్తంలో అంత మంచి నిమిషం ఇంకోటి లేదు. రోజాల్కాకి ఇంకొక్క ఏడాది ఉండనీ. ఈసారి నువ్వే మోగించు." గంటని నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "చెట్టు దగ్గర మేం అన్నీ సర్దాలి. దాన్ని కాసేపు బయట తిప్పుకురా. అడిగితే ఉన్నాడని చెప్పు."

నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. గంటని కోటు జేబులో వేసుకుని, దాని నాలిక కదలకుండా వేలితో నొక్కిపెట్టి మెట్లు దిగాను. నా కూతురి విశ్వాసం పోగొట్టింది నేనే అని తెలిసిన పది నిమిషాలకి, అదే గంట పట్టుకుని అదే పనికి బయల్దేరాను. నాకే పిచ్చెక్కిందో, ఊరంతా ఇలాగే ఉందో తెలియలేదు.

చీకటి పడుతోంది. రోజాల్కా, నేను పట్టాల మీది నడక వంతెన దాకా వెళ్ళాం. అది పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. పండగనాడు చుక్క పొడిచేదాకా పస్తుంటే గోడ మీద బంగారు పందిపిల్ల కనపడుతుందని మా పిల్లలు అలా ఉంటారు.

"పందిపిల్ల కూడా అబద్ధమేనా తాతా?"

"ఆకలి బాగా వేస్తే ఏదైనా కనపడుతుంది."

అది నవ్వలేదు. కమ్మీ పట్టుకుని కిందికి చూసింది. నేను పదకొండేళ్ళు మంచు ఊడ్చిన పట్టాలు అవే.

"తాతా, బాల యేసు ఉన్నాడా?"

ఆ ముగ్గురికి చెప్పిన జవాబులన్నీ వరసగా గుర్తొచ్చాయి. సృష్టికి మూలకారణం, ప్రవక్తలు, ఖాళీ సమాధి. ఒక్కటీ ఈ పిల్ల ఎత్తుకి సరిపోయేది లేదు. పైగా చెబితే ఏ గొంతుతో చెప్పాలి? నాకున్నది ఒకటే గొంతు, అది బ్లాంకా ఎప్పుడో విని తేల్చేసింది.

జేబులోంచి గంట తీసి, తొడుగు వేసుకున్న దాని చేతిలో పెట్టాను.

"ఇది మోగించేది నేను. కానుకలు పెట్టేది మీ అమ్మా నాన్నా. ఇప్పుడు అదే పనిలో ఉన్నారు."

అది గంటని అటూ ఇటూ తిప్పి చూసింది. కింద నుంచి ఒక గూడ్సు బండి వెళ్ళింది. చాలా పెట్టెలు. అన్నీ పోయేదాకా ఆగింది.

"అయితే యేసు లేడు."

"ఉన్నాడు."

"కానుకలు తేడా?"

"తేడు."

"కిటికీలోంచి?"

"రాడు."

"మరేం చేస్తాడు?"

"నేను మాట్లాడితే వింటాడు. అనుకుంటా. కాదు, వింటాడు."

"తిరిగి మాట్లాడతాడా?"

"ఎక్కువ మాట్లాడడు."

"నువ్వు ఎప్పుడు మాట్లాడతావు? నేనెప్పుడూ చూళ్ళేదే."

"చూశావు. సూప్ తాగే ముందు. కళ్ళు మూసుకుంటా కదా, అప్పుడు."

అది తలెత్తి నన్ను చూసింది.

"సూప్ వేడిగా ఉందన్నావు."

"వేడి కోసం కాదు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

కాసేపు లెక్క చూసుకుంటున్నట్టు పెదవులు కదిపింది. ఎనిమిదేళ్ళలో ఎన్ని గురువారాలో నాకూ తెలియదు.

"అయితే నువ్వు కూడా" అంది.

అంతే. ఏడవలేదు, కోప్పడలేదు. మీ అమ్మకి మాట ఇచ్చానమ్మడూ, అందుకే అలా చెప్పాల్సొచ్చింది అని మొదలుపెట్టాను. సగంలో ఆపేశాను. వాదించబోతున్నానని నాకే తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఆగి గంట నా జేబులో వేసింది.

"నాకు తెలిసిపోయిందని అమ్మకి చెప్పకు తాతా. అమ్మకి ఇదంటే చాలా ఇష్టం. నువ్వు మోగించు. నేను పరిగెత్తుకుంటూ వెళ్తాలే."

ఇదేమిటి తండ్రీ, ఎనిమిదేళ్ళ పిల్ల తల్లి కోసం అబద్ధమాడమంటోంది, నేను తలూపుతున్నాను. ఇందులో నేను ఏది కాపాడుతున్నట్టు?

బల్ల మీద తెల్ల గుడ్డ, ఏడాదంతా డబ్బుకి లోటుండదని పళ్ళేల కింద చేప పొలుసులు, అయిదో పళ్ళెం ఎవరైనా వస్తారేమోనని ఖాళీగా. రాడిమ్ అందరికీ చేప సూప్ వడ్డించాడు. "ఉప్పు సరిపోయిందో లేదో మీరు చెప్పాలి మామయ్యా" అన్నాడు. నేను చెంచా అందుకున్నాను. కళ్ళు మూసుకోలేదు. ఆ పిల్ల ఎదురుగా ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అది ప్రార్థనవుతుందో, అలవాటైన అబద్ధమవుతుందో తేల్చుకోలేకపోయాను. ఊహ తెలిశాక ప్రార్థన లేకుండా చెంచా ఎత్తడం అదే మొదటిసారి.

"ఏమైంది తల్లీ? నిద్రొస్తోందా?" అని రాడిమ్ అంటుంటే చూశాను.

రోజాల్కా కళ్ళు మూసుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"సూప్ వేడిగా ఉంది నాన్నా" అంది కళ్ళు తెరవకుండానే. "చల్లారనిస్తున్నా."

"వేడేంటి, నేను ఎప్పుడో దించేశాను." రాడిమ్ దాని గిన్నె మీద చెయ్యి పెట్టి చూశాడు.

బ్లాంకా నా వంక చూసింది. పిల్లకి మూడేళ్ళప్పుడు ఆ మాట నేను మొదటిసారి అన్నప్పుడు అక్కడే ఉండి నవ్వింది తను. ఇప్పుడు నవ్వలేదు. పిల్లకి నేను చెప్పేశానని తనకి అర్థమైపోయింది. జేబులో గంట నాలికని వేలితో నొక్కిపట్టుకుని కూర్చున్నాను. ఇక గురువారాలు లేవు అనుకున్నాను. ఆ పిల్ల నన్ను కాపాడుతోందా, ఎగతాళి చేస్తోందా, లేక నిజంగానే ఎవరితోనో మాట్లాడుతోందా? నాలుగడుగుల దూరంలో ఉంది, నాకు తెలియడం లేదు.

బ్లాంకా చేతిలో చెంచా గిన్నె దాకా వెళ్ళి ఆగింది. తర్వాత దాన్ని చప్పుడు కాకుండా గుడ్డ మీద పెట్టేసింది.

"నీ సూప్ కూడా వేడిగానే ఉన్నట్టుంది నాన్నా" అంది.

అది ఎత్తిపొడుపో, దయో ఆ గొంతులో ఎంత వెతికినా దొరకలేదు. నేను చెంచా దించి కళ్ళు మూసుకున్నాను. చిన్నప్పట్నుంచీ నోటికొచ్చిన ప్రార్థన మాటల్లో ఒక్కటీ రాలేదు. కళ్ళు తెరిచాను.

రోజాల్కా కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి. బ్లాంకా చెంచా ముట్టుకోకుండా కూతురి కోసం ఆగింది.